ఎక్స్‌క్లూడెడ్, పార్షియల్లీ ఎక్స్‌క్లూడెడ్: రెండు విశేషణాల మధ్య అసలు తేడా ఏమిటి?

1935 భారత ప్రభుత్వ చట్టం చదివేటప్పుడు మనందరికీ ఎదురయ్యే రెండు మాటలు ఉన్నాయి. ఒకటి ఎక్స్‌క్లూడెడ్ ఏరియా, రెండోది పార్షియల్లీ ఎక్స్‌క్లూడెడ్ ఏరియా. తెలుగు పుస్తకాల్లో వీటిని మినహాయింపు ప్రాంతాలు, పాక్షిక మినహాయింపు ప్రాంతాలు అని రాస్తారు. చాలా నోట్సుల్లో వీటికి ఒక్క వాక్యమే ఉంటుంది: మొదటివి పూర్తిగా మినహాయించినవి, రెండోవి కొంతవరకు మినహాయించినవి.

ఈ వాక్యంతో ప్రిలిమ్స్ గట్టెక్కవచ్చు. మెయిన్స్‌లో మాత్రం రెండు పంక్తులకు మించి రాయలేం. దేని నుంచి మినహాయింపు? చట్టం నుంచా, మంత్రుల నుంచా, ఎన్నికల నుంచా? "కొంత" అన్నది భూభాగంలో కొంతా, అధికారంలో కొంతా? ఈ ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఐదో షెడ్యూలు, ఆరో షెడ్యూలు, పెసా, సమత తీర్పు అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఈ రోజు వ్యాసంలో ఆ వరుసను మన ఏజెన్సీ ప్రాంతాల నుంచి, పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్ నుంచి ఉదాహరణలు తీసుకుని చూద్దాం.

1. ఏజెన్సీ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

అల్లూరి జిల్లా వాసులు, భద్రాచలం వాసులు ఇప్పటికీ తమ ప్రాంతాన్ని ఏజెన్సీ అనే అంటారు. ఈ మాట 1839 నాటిది. అంతకుముందు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ జమీందారీల్లో వరుసగా తిరుగుబాట్లు వచ్చాయి. వాటిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్‌ను ప్రత్యేక కమిషనర్‌గా పంపింది. మైదానంలో నడిచే కోర్టులు, రెగ్యులేషన్లు కొండల్లో పనిచేయవన్నది ఆ అనుభవం నుంచి తీసిన పాఠం. దాని ఫలితమే 1839 నాటి 24వ చట్టం. కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరుకు అప్పగించారు. అక్కడ ఆయన కలెక్టరుగా కాదు, గవర్నరుకు ఏజెంటుగా పనిచేస్తాడు. ఏజెంటు పాలించే చోటు కాబట్టి అది ఏజెన్సీ అయింది.

1874లో ఇదే ఆలోచనను దేశమంతటికీ వర్తింపజేస్తూ షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది. ఏ చట్టాలు అక్కడ అమలులో ఉన్నాయో, ఏవి లేవో ప్రభుత్వమే నోటిఫికేషన్ ద్వారా చెబుతుంది. మద్రాసు నుంచి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల కొండ ప్రాంతాలు, మధ్య పరగణాల నుంచి ఛత్తీస్‌గఢ్ జమీందారీలు, చాందా జమీందారీలు, ఛింద్వాడా జాగీర్దారీలు ఈ జాబితాలో ఉన్నాయి. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మధ్య పరగణాల్లోని ఎగువ గోదావరి జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది కూడా 1874లోనే. అంటే మన మన్యానికీ, ఛత్తీస్‌గఢ్ కొండలకూ పాలనా చరిత్ర మొదటి నుంచీ కలిసే ఉంది.

షెడ్యూల్డ్ అనే విశేషణానికి అప్పట్లో ఉన్న అర్థం ఒక్కటే: చట్టానికి వెనుక జతచేసిన పట్టికలో పేరున్నది అని. అందులో గౌరవమూ లేదు, అగౌరవమూ లేదు. రక్షణ అనే భావం ఆ మాటకు చాలా కాలం తరువాత చేరింది.

ప్రత్యేక పాలన ఉన్నంత మాత్రాన గిరిజనులకు రక్షణ దొరికిందా? లేదనడానికి 1879-80 రంప పితూరీ సాక్ష్యం. మన్సబ్‌దారు వేసిన చిగురు పన్ను, కల్లు గీతపై ఆంక్షలు, మైదాన వ్యాపారులు కోర్టు డిక్రీలతో భూములు, పశువులు పట్టుకుపోవడం దానికి కారణాలు. వీటిలో చివరిదానికి స్పందించడానికి ప్రభుత్వానికి మరో 37 ఏళ్లు పట్టింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల వారి భూమి ఇతరులకు బదిలీ అయితే చెల్లదు. వడ్డీకి కూడా పరిమితి పెట్టారు. దీనికి ఒక ఏడాది ముందు, 1916లో, మధ్య పరగణాల్లోనూ భూ అన్యాక్రాంతాన్ని అడ్డుకునే చట్టం వచ్చింది.

2. బ్యాక్‌వర్డ్: 1919 చట్టం వాడిన విశేషణం

మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో రాష్ట్రాల్లో ద్వంద్వ పాలన వచ్చింది. కొన్ని శాఖలు మంత్రుల చేతికి వెళ్లాయి. మరి ఏజెన్సీల సంగతి? సెక్షన్ 52ఎ ప్రకారం ఏ ప్రాంతాన్నయినా బ్యాక్‌వర్డ్ ట్రాక్ట్, అంటే వెనుకబడిన ప్రాంతం అని గవర్నర్ జనరల్ ప్రకటించవచ్చు. అక్కడ సంస్కరణల చట్టం మినహాయింపులతో, మార్పులతో అమలవుతుంది. గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలు, లక్షదీవులు మద్రాసు రాష్ట్రం నుంచి ఈ జాబితాలోకి వెళ్లాయి.

ఈ మాట ఏం చెబుతోందో గమనించండి. బ్యాక్‌వర్డ్ అన్నది అక్కడి మనుషుల మీద తీర్పు. మీరు ఇంకా ఎదగలేదు, కాబట్టి మీకు ఓటూ మంత్రీ అక్కర్లేదు అన్నది దాని సారాంశం. సరిగ్గా ఈ కాలంలోనే, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి జరిగింది. ఆ తరువాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. అటవీ ఆంక్షలు, పోడుపై నిషేధం, నర్సీపట్నం వైపు వేసిన రోడ్డు పనుల్లో సరైన కూలి లేని చాకిరీ ఆ పోరాటానికి నేపథ్యం. 1924 మే 7న రాజు మరణించేదాకా పోరాటం సాగింది. వెనుకబడిన ప్రాంతం అన్న ముద్ర ఆ జనానికి తమ గోడు చెప్పుకునే శాసనసభ వేదిక లేకుండా చేసింది. పరీక్షలో రంప తిరుగుబాటు గురించి రాసేటప్పుడు ఈ రాజ్యాంగ నేపథ్యాన్ని కూడా జోడిస్తే జవాబుకు బలం వస్తుంది.

3. బ్యాక్‌వర్డ్ పోయి ఎక్స్‌క్లూడెడ్ వచ్చింది

1930లో వచ్చిన సైమన్ కమిషన్ నివేదిక బ్యాక్‌వర్డ్ ట్రాక్ట్ అనే పేరు మార్చి ఎక్స్‌క్లూడెడ్ ఏరియా అనాలని సూచించింది. కేవలం దోపిడీ నుంచి కాపాడితే సరిపోదు, ఆ ప్రజలు తమ కాళ్ల మీద నిలబడేలా చేయాలని కూడా చెప్పింది. పేరు మారడంతో ముద్ర మనుషుల మీద నుంచి భూభాగం మీదికి మారింది. ప్రజలు వెనుకబడ్డారు అనడానికి బదులు, ఈ ప్రాంతాన్ని పరిధి బయట ఉంచాం అన్నారు. వినడానికి మర్యాదగా ఉంది. పెత్తనం మాత్రం పాత చేతుల్లోనే ఉండిపోయింది.

1935 చట్టం రాసేటప్పుడు ఈ ఒక్క విశేషణం రెండుగా చీలింది. ఏ ప్రాంతం ఏ పట్టికలోకి వెళ్లాలన్నదానిపై బ్రిటిష్ పార్లమెంటులో వాదోపవాదాలు జరిగాయి. సైమన్ కమిషన్ సభ్యుడైన ఎడ్వర్డ్ కాడొగన్ జాబితాను బాగా పెంచాలని సవరణ ప్రతిపాదించాడు. చివరకు జాబితాను ప్రత్యేక ఉత్తర్వు ద్వారా ప్రకటించాలని నిర్ణయించి, 1936లో దాన్ని విడుదల చేశారు.

పూర్తి మినహాయింపు పట్టికలో మద్రాసు నుంచి లక్షదీవులు, మినికాయ్, అమీన్‌దీవి దీవులు, బెంగాల్ నుంచి చిట్టగాంగ్ కొండలు, పంజాబ్ నుంచి లాహౌల్, స్పితి, అస్సాం నుంచి నాగా కొండలు, లుషాయ్ కొండలు, ఉత్తర కచార్ కొండలు, ఈశాన్య సరిహద్దు ప్రాంతాలు ఉన్నాయి.

పాక్షిక మినహాయింపు పట్టికలో మద్రాసు నుంచి తూర్పు గోదావరి ఏజెన్సీ, ఒరిస్సాకు వెళ్లగా మిగిలిన విశాఖపట్నం ఏజెన్సీ ఉన్నాయి. మధ్య పరగణాలు, బేరార్ నుంచి మండ్లా జిల్లా, చాందా జిల్లాలోని అహిరి తదితర జమీందారీలు, బిలాస్‌పూర్ జిల్లాలోని పెండ్రా, కెండా, మాతిన్, లాఫా, ఉప్రోడా, ఛురీ, కోర్బా జమీందారీలు, దుర్గ్ జిల్లాలోని ఔంధీ, కోరాచా, పానాబరస్, అంబాగఢ్ చౌకీ జమీందారీలు చేరాయి.

రాయ్‌పూర్ మైదానం ఈ రెండు పట్టికల్లో దేనిలోనూ లేదు. బస్తర్ కూడా లేదు, కానీ దాని కారణం వేరు. బస్తర్ అప్పటికి సంస్థానం. బ్రిటిష్ ఇండియాలో భాగం కాని చోటికి ఈ విశేషణాలు వర్తించవు. నిజాం రాజ్యంలోని ఆదిలాబాద్ గోండు ప్రాంతాల సంగతీ అంతే. బస్తర్ గిరిజన ప్రాంతం కాబట్టి 1936 జాబితాలో ఉండి తీరాలని అనుకుంటే పొరపాటే. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఇలాంటి చోటే జాగ్రత్త కావాలి.

4. ఇంతకీ "పాక్షికం" దేనికి వర్తిస్తుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1935 చట్టంలో సెక్షన్లు 91, 92 పక్కపక్కన పెట్టుకుని చదివితే మూడు సంగతులు తేలుతాయి.

మొదటిది, చట్టాల వర్తింపు. ఇందులో రెండు రకాల ప్రాంతాలకూ తేడా లేదు. కేంద్ర శాసనసభ చేసినా, రాష్ట్ర శాసనసభ చేసినా, ఏ చట్టమూ అక్కడ దానంతట అది అమలు కాదు. గవర్నరు నోటిఫికేషన్ ఇస్తేనే వర్తిస్తుంది. ఇచ్చేటప్పుడు మార్పులు కూడా చేయవచ్చు. శాంతి, సుపరిపాలన కోసం గవర్నరు రెండు చోట్లా రెగ్యులేషన్లు చేయవచ్చు. అంటే పాక్షిక మినహాయింపు ప్రాంతంలో కొన్ని చట్టాలు నేరుగా వర్తిస్తాయి అన్న వివరణ సరికాదు. చట్టాల విషయంలో రెండూ సమానంగా బయటే ఉన్నాయి.

రెండోది, మంత్రుల పాత్ర. తేడా అంతా ఇక్కడే ఉంది. పూర్తి మినహాయింపు ప్రాంతాల్లో గవర్నరు తన విచక్షణ మేరకు పనిచేస్తాడు. మంత్రులను అడగనవసరం లేదు. పాక్షిక మినహాయింపు ప్రాంతాల్లో పాలన మంత్రుల చేతుల మీదుగానే నడుస్తుంది. కాకపోతే వాటి శాంతి, సుపరిపాలన గవర్నరు ప్రత్యేక బాధ్యతల్లో ఒకటిగా సెక్షన్ 52లో ఉంది. ఆ బాధ్యత ప్రమేయం ఉన్నంత మేరకు ఆయన తన వ్యక్తిగత నిర్ణయం ప్రకారం నడుచుకోవచ్చు.

విచక్షణ, వ్యక్తిగత నిర్ణయం ఈ రెండూ కూడా పైకి ఒకేలా కనిపించే మాటలే. 1935 చట్టంలో వీటికి స్పష్టమైన తేడా ఉంది. విచక్షణ అంటే మంత్రుల సలహా అసలు తీసుకోనక్కర లేదు. వ్యక్తిగత నిర్ణయం అంటే సలహా వినాలి, విన్నాక కాదనవచ్చు. ఇంటి పెద్ద పిల్లల్ని అడక్కుండానే పొలం అమ్మేయడం ఒకటి, అడిగి, విని, ఆపైన తన ఇష్టప్రకారమే చేయడం ఇంకొకటి. రెండు సందర్భాల్లోనూ చివరి మాట ఆయనదే. కానీ రెండోదాంట్లో పిల్లలకు విషయం ముందే తెలుస్తుంది, అభ్యంతరం చెప్పే సందు ఉంటుంది, కాదన్నందుకు తరువాత నిలదీసే వీలూ ఉంటుంది.

మూడోది, డబ్బు. పూర్తి మినహాయింపు ప్రాంతాల పాలనా ఖర్చు నేరుగా రాష్ట్ర ఆదాయంపై పడుతుంది. దానిపై శాసనసభ ఓటు ఉండదు. పాక్షిక మినహాయింపు ప్రాంతాలకు ఈ ఏర్పాటు లేదు.

కాబట్టి పాక్షికం అనే మాట భూభాగాన్నో, చట్టాల సంఖ్యనో కొలవడం లేదు. మంత్రుల బాధ్యత నుంచి ఆ ప్రాంతాన్ని ఎంత దూరం పెట్టారో అది కొలుస్తోంది. జవాబులో ఈ ఒక్క వాక్యం స్పష్టంగా రాయగలిగితే చాలు.

ఇంకో ఆసక్తికరమైన అంశం. సెక్షన్ 91 ప్రకారం పూర్తి మినహాయింపు ప్రాంతాన్ని పాక్షికంగా మార్చవచ్చు, పాక్షిక ప్రాంతాన్ని మామూలు ప్రాంతంగా మార్చవచ్చు. మామూలుగా అయితే, సరిహద్దులు సరిచేయడానికి తప్ప, వెనక్కి తీసుకెళ్లే దారి లేదు. దిగడానికే తప్ప ఎక్కడానికి వీల్లేని మెట్లలాంటివి ఇవి. ఏదో ఒక రోజు ఈ ప్రాంతాలన్నీ మామూలు పాలనలో కలిసిపోతాయన్న ఊహ చట్టంలోనే ఉందన్నమాట.

ప్రాతినిధ్యం సంగతి కూడా చూడాలి. 215 స్థానాల మద్రాసు శాసనసభలో వెనుకబడిన ప్రాంతాలు, తెగల ప్రతినిధికి కేటాయించింది 1 స్థానం. 112 స్థానాల మధ్య పరగణాలు, బేరార్ శాసనసభలో కూడా 1 స్థానమే. పాలనా భాగంలో తీసేసిన బ్యాక్‌వర్డ్ అన్న మాట సీట్ల పట్టికలో మాత్రం అలాగే ఉండిపోయింది.

5. వ్యతిరేకత, వాదం

1936 డిసెంబరులో ఫైజ్‌పూర్ కాంగ్రెస్ మహాసభ ఈ మినహాయింపులను ఖండిస్తూ తీర్మానం చేసింది. దేశ ప్రజలను ముక్కలు చేసి, ఖనిజాలూ అడవులూ ఉన్న చోట విదేశీ పెత్తనం నిలుపుకునే ఎత్తుగడగా జాతీయవాదులు దీన్ని చూశారు. ఆ విమర్శలో నిజం ఉంది. అయితే దానికి మరో వైపు కూడా ఉంది. మైదాన వడ్డీ వ్యాపారులు, జమీందార్లు, గుత్తేదార్లు శాసనసభల్లో బలంగా ఉన్న కాలంలో ఒక గిరిజన సభ్యుడి ఓటు భూమిని కాపాడగలదా అన్న ప్రశ్నకు జాతీయవాదుల దగ్గర తయారు జవాబు లేదు.

ఈ వాదం మానవశాస్త్రంలోకీ వెళ్లింది. పాక్షిక మినహాయింపు ప్రాంతమైన మండ్లాలో గోండుల మధ్య జీవించిన వెరియర్ ఎల్విన్ బయటి దోపిడీ నుంచి గిరిజనులకు గట్టి రక్షణ కావాలన్నాడు. జి.ఎస్. ఘుర్యే 1943లో వెలువరించిన పుస్తకంలో గిరిజనులను వెనుకబడిన హిందువులుగా చూడాలన్నాడు. ఎ.వి. ఠక్కర్, అంటే ఠక్కర్ బాపా, విడిగా ఉంచడాన్ని వ్యతిరేకించి సేవ, విద్యల ద్వారా కలుపుకోవాలన్నాడు. విడిగా ఉంచడం, కలిపేసుకోవడం, కలుపుకుపోవడం అనే మూడు ధోరణులకు ఈ ముగ్గురినీ ఉదాహరణగా చెప్పవచ్చు.

1939 చివర్లో మద్రాసులోనూ, మధ్య పరగణాల్లోనూ కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. సెక్షన్ 93 కింద గవర్నర్ల పాలన వచ్చింది. అడగడానికి మంత్రులే లేనప్పుడు విచక్షణకూ వ్యక్తిగత నిర్ణయానికీ తేడా ఏముంటుంది? 1946 దాకా ఈ రాష్ట్రాల్లో ఆ రెండు విశేషణాల మధ్య గీత కాగితం మీదే మిగిలింది. ఒక మాట అర్థం దాని చుట్టూ ఉన్న సంస్థల మీద ఎంతగా ఆధారపడుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అదే కాలంలో నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీం మరణించాడు. ఆ తరువాత నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను గోండుల స్థితిగతుల అధ్యయనానికి నియమించింది. బ్రిటిష్ ఇండియా విశేషణాలు వర్తించని చోట కూడా సమస్య అదే: భూమి ఎవరిది, అడవి ఎవరిది.

6. రాజ్యాంగ సభ ఏం చేసింది?

రాజ్యాంగ సభ సలహా సంఘం ఉపసంఘాలను వేసింది. అస్సాం తదితర ఈశాన్య ప్రాంతాలకు గోపీనాథ్ బర్దోలోయ్ అధ్యక్షుడు. అస్సాం మినహా మిగిలిన ప్రాంతాలకు ఠక్కర్ అధ్యక్షుడు. ఈ రెండో సంఘంలో జైపాల్ సింగ్ సభ్యుడు. బర్దోలోయ్ సంఘం సిఫార్సుల నుంచి ఆరో షెడ్యూలు, ఠక్కర్ సంఘం సిఫార్సుల నుంచి ఐదో షెడ్యూలు రూపొందాయి. ఐదో షెడ్యూలు చర్చకు వచ్చింది 1949 సెప్టెంబరు 5న. గిరిజన సలహా మండలి అధికారాన్ని ముసాయిదాలో ఉన్నదానికన్నా తగ్గించారని జైపాల్ సింగ్ ఆ సందర్భంలో విమర్శించారు.

ఇక్కడ ఒక తలకిందుల మార్పు జరిగింది. అస్సాంలో గవర్నరు ఒక్కడే ఏలిన పూర్తి మినహాయింపు కొండలు చాలావరకు ఆరో షెడ్యూలులోకి వచ్చి, చట్టాలు చేయగల స్వయంపాలక జిల్లా మండళ్లను పొందాయి. అస్సాం బయట మంత్రుల పాలనకు దగ్గరగా ఉన్న పాక్షిక మినహాయింపు ప్రాంతాలు చాలావరకు ఐదో షెడ్యూలులోకి వచ్చాయి. వాటికి దక్కింది గరిష్ఠంగా 20 మంది సభ్యుల సలహా మండలి. దాని పేరులోనే ఉంది, అది సలహా మాత్రమే ఇస్తుంది.

రెండో మార్పు ఇంకా ముఖ్యమైనది. 1935లో గవర్నరు వర్తింపజేస్తేనే చట్టం వర్తిస్తుంది. 1950 తరువాత ఐదో షెడ్యూలు 5వ పేరా ప్రకారం గవర్నరు వద్దంటేనే వర్తించదు. గవర్నరు మౌనంగా ఉంటే 1937లో చట్టం ఏజెన్సీ గుమ్మం దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు గవర్నరు మౌనంగా ఉంటే చట్టం నేరుగా ఇంట్లోకి వచ్చేస్తుంది. పైగా ఈనాటి గవర్నరు ఆచరణలో మంత్రిమండలి సలహా మేరకే నడుస్తాడు. అంటే పాత వ్యక్తిగత నిర్ణయం కూడా పోయింది. వలస పాలకుడి ఏకపక్ష అధికారం పోవడం మంచిదే. కానీ దాని స్థానంలో గిరిజనుల సొంత మాటకు బలం వచ్చిందా అన్నది 1996 దాకా జవాబు లేని ప్రశ్నగానే ఉంది. ఆ ఏడాది వచ్చిన పెసా చట్టం గ్రామసభను ఆ స్థానంలో నిలబెట్టే ప్రయత్నం.

7. బీర్‌గావ్, కోర్బా: ఒకే రాష్ట్రం, రెండు పునాదులు

ఈ చరిత్ర ఈనాటి మ్యాపు మీద ఎలా కనిపిస్తుందో చూద్దాం. రాయ్‌పూర్‌ను ఆనుకుని, ఉర్లా పారిశ్రామిక ప్రాంతం పక్కన బీర్‌గావ్ ఉంది. ఇనుము, ఉక్కు కర్మాగారాల చుట్టూ పెరిగిన కార్మికుల ఊరు. ఇప్పుడు నగరపాలక సంస్థ. ఇది 1936లో మినహాయింపు పట్టికల్లో లేదు, ఇప్పుడు షెడ్యూల్డ్ ప్రాంతమూ కాదు. 74వ సవరణతో వచ్చిన 9ఎ భాగం ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. ఛత్తీస్‌గఢ్ శాసనసభ చేసే ఏ చట్టమైనా ఇక్కడ ఎవరి నోటిఫికేషన్ కోసమూ ఆగదు.

అదే రాష్ట్రంలో కోర్బా కూడా నగరపాలక సంస్థే, అదీ పారిశ్రామిక నగరమే. కానీ కోర్బా జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. అధికరణ 243జెడ్‌సి ప్రకారం 9ఎ భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదు. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తేనే విస్తరిస్తుంది. పంచాయతీలకు పెసా రూపంలో ఆ చట్టం వచ్చింది. పురపాలక సంస్థల కోసం 2001లో బిల్లు ప్రవేశపెట్టారు, అది చట్టం కాలేదు. పైకి ఒకేలా కనిపించే రెండు నగరపాలక సంస్థల రాజ్యాంగ పునాది వేరుగా ఉండటానికి మూలం 1936 నాటి పట్టికలో కోర్బా జమీందారీ పేరు ఉండటమే.

2003 ఫిబ్రవరి ఉత్తర్వులో ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితా చూడండి. పెండ్రా వైపు గౌరెల్లా బ్లాకులు, రాజ్‌నంద్‌గావ్ వైపు చౌకీ, మొహలా, మాన్‌పూర్ బ్లాకులు, కోర్బా జిల్లా. జమీందారీలు పోయి బ్లాకులు వచ్చాయి, నేల మాత్రం అదే. కొత్తగా చేరినవీ ఉన్నాయి: బస్తర్ లాంటి పాత సంస్థానాలు, అప్పటి రాయ్‌పూర్ జిల్లాలోని గరియాబంద్, మైన్‌పూర్, ఛురా బ్లాకులు. 2012లో గరియాబంద్ వేరే జిల్లా కావడంతో అవి రాయ్‌పూర్ నుంచి విడిపోయాయి.

8. సమత, బాల్కో: ఒకే షెడ్యూలు, రెండు ఫలితాలు

మన రాష్ట్రంలో 1917 చట్టానికి వారసత్వంగా 1959 నాటి 1వ రెగ్యులేషన్ వచ్చింది. 1970 సవరణతో అది మరింత గట్టిపడింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని భావించాలి. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. ఆ రెగ్యులేషన్‌లోని వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదని మెజారిటీ తీర్పు చెప్పింది. కేసు అనంతగిరి మండలం బొర్రా ప్రాంతానిది.

నాలుగేళ్ల తరువాత 2001 డిసెంబరులో బాల్కో పెట్టుబడుల ఉపసంహరణ కేసు తీర్పు వచ్చింది. బాల్కో ఉన్నది కోర్బాలో. సమత తీర్పును ఇక్కడా వర్తింపజేయాలన్న వాదన వచ్చింది. ఆంధ్ర రెగ్యులేషన్‌లో ఉన్న నిషేధం వేరు, మధ్యప్రదేశ్ భూరెవెన్యూ కోడ్ సెక్షన్ 165 వేరు అంటూ కోర్టు దాన్ని తిరస్కరించింది. సమత మెజారిటీ తీర్పు సరైనదేనా అన్నదానిపై కూడా తన సందేహాన్ని వ్యక్తం చేసింది.

బొర్రా, కోర్బా రెండూ 1936లో ఒకే పట్టికలో ఉన్నాయి. రెండూ ఇప్పుడు ఐదో షెడ్యూలులోనే ఉన్నాయి. అయినా భూమి విషయంలో ఫలితాలు వేరయ్యాయి. దీన్నిబట్టి షెడ్యూల్డ్ అనే విశేషణం దానంతట అది ఎవరి భూమినీ కాపాడదని తేలుతుంది. ఆ విశేషణం ఇచ్చిన అధికారంతో ఆ రాష్ట్రం ఎలాంటి నిబంధన రాసుకుంది, అందులో ఏ మాట వాడింది అన్నదే తేల్చుతుంది. 2020లో చేబ్రోలు లీలా ప్రసాదరావు కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టుల్లో 100 శాతం గిరిజన రిజర్వేషన్ చెల్లదంటూ, 5వ పేరా మొదటి భాగం కింద గవర్నరు ఉన్న చట్టాన్ని ఆపవచ్చు, మార్చి వర్తింపజేయవచ్చు గానీ కొత్త చట్టం చేయలేడని చెప్పింది. అక్కడా వివాదం ఒక మాట పరిధి మీదే నడిచింది.

9. ఒక్క చూపులో

షెడ్యూల్డ్ జిల్లా, 1874: పట్టికలో ఉన్నది, ఏ చట్టం వర్తిస్తుందో ప్రభుత్వం చెబుతుంది.

బ్యాక్‌వర్డ్ ట్రాక్ట్, 1919: ప్రజల మీద తీర్పు, సంస్కరణలు మార్పులతో వర్తిస్తాయి.

ఎక్స్‌క్లూడెడ్, 1935: గవర్నరు విచక్షణ, మంత్రులకు ప్రమేయం లేదు, ఖర్చుపై ఓటు లేదు.

పార్షియల్లీ ఎక్స్‌క్లూడెడ్, 1935: మంత్రుల పాలన ఉంది, గవర్నరు ప్రత్యేక బాధ్యత, వ్యక్తిగత నిర్ణయం. చట్టాల వర్తింపులో మాత్రం పై దానితో సమానం.

షెడ్యూల్డ్ ప్రాంతం, 1950, ఐదో షెడ్యూలు: చట్టాలు వర్తిస్తాయి, గవర్నరు ఆపితే తప్ప, సలహా మండలి.

ట్రైబల్ ప్రాంతం, 1950, ఆరో షెడ్యూలు: స్వయంపాలక జిల్లా మండళ్లు.

10. చివరిగా

ఈ అంశాన్ని కేవలం నిర్వచనాల జాబితాగా చదవకండి. 1839 నుంచి ఈనాటి వరకు ప్రతి విశేషణం వెనుక ఒకే ప్రశ్న ఉంది: ఈ నేల గురించి చివరి మాట ఎవరిది? ఏజెంటుదా, గవర్నరుదా, మంత్రిదా, కోర్టుదా, గ్రామసభదా? పేరు మారిన ప్రతిసారీ ఈ ప్రశ్నకు జవాబు కొద్దిగా మారింది. ఎక్కువసార్లు ఆ నేల మీద ఉన్నవాళ్లను అడక్కుండానే మారింది.

మీలో కొందరు రేపు రంపచోడవరంలోనో, పాడేరులోనో, భద్రాచలంలోనో సబ్ కలెక్టరుగా, డిప్యూటీ కలెక్టరుగా కూర్చుంటారు. మీ ముందుకు ఒక భూబదలాయింపు ఫైలు వస్తుంది. అందులో ఒక మాటకు మీరు చెప్పే అర్థం మీద ఒక కుటుంబం రెండెకరాలు నిలబడవచ్చు, పోవచ్చు. మాటల మధ్య తేడాను ఇప్పుడే శ్రద్ధగా చదవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

సాధన ప్రశ్న: 1935 చట్టంలోని పాక్షిక మినహాయింపు ప్రాంతాలకూ, రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ప్రాంతాలకూ మధ్య కొనసాగింపు ఎంత, మార్పు ఎంత? తెలుగు ప్రాంతాలు, ఛత్తీస్‌గఢ్ నుంచి ఉదాహరణలతో 250 పదాల్లో చర్చించండి. రాసేటప్పుడు మొదటి పేరాలోనే "చట్టాల వర్తింపు", "మంత్రుల బాధ్యత" అనే రెండు కొలమానాలను విడివిడిగా పెట్టుకోండి. మిగతా జవాబు వాటి వెంటే నడుస్తుంది.